సిద్ధాంతిగారి పంచాంగంలో ఒక ఘోరమైన పొరపాటు

కొండ్రుపాడులో తెలివైనవాళ్ళు ఎంతమంది అని అడిగితే గుమ్మళ్ళ భీమశంకరం తడుముకోకుండా నలుగురు అని చెప్పేవాడు. ఒకటి తను. రెండు, పెద్ద తమ్ముడు కామేశం. మూడు, చిన్న తమ్ముడు పుండరీకం. నాలుగు, తన భార్య వర్ధనమ్మ. నలుగురూ ఒకే ఇంట్లో పడటం మిగతా ఊరికి కొంచెం అన్యాయమేనని కూడా ఒప్పుకునేవాడు. అంత నిజాయితీపరుడు.

ఆ ఇంటి ముందుగదిలోనే శ్రీ భ్రమరాంబ ప్రింటింగ్ ప్రెస్. వాళ్ళ నాన్న పెట్టింది. ఆయన పెట్టిన నియమం కూడా ఒక్కటే. "రాసిచ్చింది రాసిచ్చినట్టు వెయ్యాలి, చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. మధ్యలో సొంత బుర్ర వాడితే తప్పులొస్తాయి." కొడుకులు ముగ్గురూ ఆ మాట దాటలేదు. బుర్ర జోలికి పోలేదు.

ఒకసారి కిరాణా కొట్టు కోటిలింగం మనవడి అన్నప్రాశన కార్డు రాసిచ్చి, పైన మూలకి "ఇక్కడ పువ్వు బొమ్మ" అని రాశాడు. కార్డులు వచ్చాయి. పైన మూలకి చక్కగా, లావు అక్షరాల్లో, "ఇక్కడ పువ్వు బొమ్మ" అని ఉంది. కోటిలింగం నెత్తి బాదుకుంటే భీమశంకరం ఆయన రాసిన కాగితమే తెచ్చి ముందు పెట్టాడు. "అక్షరం పోయిందా బాబాయ్, పొల్లు పోయిందా? చూపించు." కోటిలింగం డబ్బిచ్చి కార్డులు పట్టుకెళ్ళాడు. ఆ రోజు రాత్రి వర్ధనమ్మ పాయసం చేసింది.

ఇలాంటి ఇంటికి నిరుడు కంప్యూటరొచ్చింది. అందులో పేజీలు కట్టే తెలుగు సాఫ్ట్‌వేర్ ఒకటి. అక్షరాలే కాదు, అది మనతో చెప్పే మాటలన్నీ కూడా తెలుగులోనే. వెంటనే అచ్చక్షరాల పెట్టెలు, కాలితో తొక్కే పాత అచ్చుయంత్రం వెనకగదిలోకి వెళ్ళిపోయాయి. ఈ ఏడాది చెరుకుమిల్లి దక్షిణామూర్తి సిద్ధాంతిగారి పంచాంగం మొదటిసారి కంప్యూటర్లో తయారవుతోంది.

ఆ పంచాంగం చిన్నదే, ముప్పై రెండు పేజీలు. కానీ నలభై ఒక్క ఏళ్ళుగా అది ఈ ప్రెస్సులోనే పడుతోంది. చివరి పేజీ అడుగున "ముద్రణ: శ్రీ భ్రమరాంబ ప్రెస్, కొండ్రుపాడు" అని ఒక వరస ఉంటుంది. ప్రతి ఏడాదీ మొదటి పుస్తకం రాగానే భీమశంకరం తిథులు చూడడు, వారాలు చూడడు, వెనక్కి తిప్పి ఆ వరస చూసుకుంటాడు. ఈసారి సిద్ధాంతిగారు గట్టిగానే చెప్పారు.

"ఒరేయ్ శంకరం, ఆదివారం ఉగాది. శనివారం సాయంత్రానికి ఐదువందల పుస్తకాలు నా చేతిలో ఉండాలి. పండగ దాటాక పంచాంగం నేనేం చేసుకోను, విసురుకోనా? ఆలస్యమైందా, వచ్చే ఏడు పట్నంలో వేయించుకుంటాను. ఆ అడుగు వరసలో వేరేవాడి పేరుంటుంది."

ఆ వరస పుండరీకం కంటే వయసులో పెద్దది.

సోమవారం ఉదయం కామేశం చివరి పేజీ కొడుతుంటే తెర బిగుసుకుపోయింది. మధ్యలో ఒక డబ్బా తేలింది. "ప్రోగ్రామ్ స్పందించడం లేదు. దయచేసి వేచి ఉండండి."

"దయచేసి అంది, మర్యాద తెలిసిన యంత్రం," అన్నాడు భీమశంకరం. అంతే, ముగ్గురూ చేతులు కట్టుకుని వేచి ఉన్నారు. పదకొండైంది, పన్నెండైంది. వర్ధనమ్మ భోజనానికి పిలిచింది.

"తింటూ వేచి ఉండొచ్చా అన్నయ్యా?" అన్నాడు పుండరీకం.

"తింటే తింటున్నట్టు, వేచి ఉంటే వేచి ఉన్నట్టు. రెండూ ఎలా అవుతాయిరా?"

ఇంకేముంది, వంతులు వేసుకున్నారు. ఇద్దరు తింటే ఒకడు వేచి ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి సిద్ధాంతిగారు వచ్చారు.

"ఎంతవరకు వచ్చిందిరా?"

"బ్రహ్మాండంగా వేచి ఉంటున్నామండి," అన్నాడు కామేశం. "పొద్దున్నుంచీ ఒక్క నిమిషం పోనివ్వలేదు."

సిద్ధాంతిగారు తెర చూశారు. వాళ్ళ ముగ్గురి మొహాలూ చూశారు. "అది అమ్మిన షాపు వాళ్ళకి ఫోను చెయ్యండిరా, పుణ్యముంటుంది," అన్నారు.

పట్నంలో కంప్యూటర్ల షాపులో ఫోన్లెత్తే ఆవిడ పేరు స్వర్ణలత. నెమ్మదైన మనిషి. ఆ వారం వరకూ.

"మీ తెర మీద ఏముందో ఉన్నది ఉన్నట్టు నాకు పంపండి, చూసి చెప్తాను," అంది. తెరని ఫోటో తీసి పంపమని ఆవిడ ఉద్దేశం. కానీ ఫోటో అన్న మాట ఆవిడ అనలేదు కదా. ఉన్నది ఉన్నట్టు అంటే భ్రమరాంబ ప్రెస్సుకి ఒకటే అర్థం. తెల్లారగానే వెనకగదిలోంచి నాలుగు గుప్పెళ్ళ అచ్చక్షరాలు తెచ్చారు. "ప్రోగ్రామ్ స్పందించడం లేదు. దయచేసి వేచి ఉండండి." అని కూర్చారు. చుట్టూ లతల అంచు కట్టారు, తెర మీద డబ్బాకి అంచుంది మరి. కామేశం మూడుసార్లు ప్రూఫు చూశాడు. వందకి తక్కువ వెయ్యడం ప్రెస్సుకి అలవాటు లేదు కాబట్టి వంద వేశారు. శుభమా అని షాపుకి మొదటిసారి కార్డులు వెళ్తున్నాయని వర్ధనమ్మ వాటి నాలుగు మూలలా పసుపు రాసింది. పుండరీకం ఆ కట్ట పట్నం బస్సు కండక్టరు చేతిలో పెట్టాడు.

బుధవారం పొద్దున్న స్వర్ణలత ఫోను చేసింది.

"ఏమండీ, నాకేదో శుభలేఖలు వచ్చాయి. పెళ్ళికూతురి పేరు లేదు. దయచేసి వేచి ఉండమని ఉంది. ఎన్నాళ్ళు వేచి ఉండాలండీ?"

"అదే మేమూ మిమ్మల్ని అడుగుతున్నామమ్మా," అన్నాడు భీమశంకరం.

విషయం అర్థం కావడానికి ఆవిడకి ఐదు నిమిషాలు పట్టింది. "సరే, వినండి. కంప్యూటర్ ఆపండి. ఒక్క నిమిషం ఆగండి. మళ్ళీ ఆన్ చెయ్యండి."

ఆపారు. పుండరీకం అరవై లెక్కపెట్టాడు. భీమశంకరం స్విచ్చి మీద వేలు పెట్టబోతుంటే కామేశం కేకేశాడు. "ఆగన్నయ్యా! ఇప్పుడు వర్జ్యం!" పంచాంగం వేసే ఇంట్లో వర్జ్యంలో యంత్రం ఆన్ చేస్తారా ఎక్కడైనా? గంటన్నర కూర్చున్నారు. పుండరీకం మాత్రం అరవై దాటాక ఆపాలని ఎవరూ చెప్పలేదని లెక్కపెడుతూనే ఉన్నాడు. ఐదువేల నాలుగువందల దగ్గర వర్జ్యం వెళ్ళింది.

కంప్యూటర్ మేలుకుంది. పంచాంగం తెర మీదికొచ్చింది, ముప్పై రెండు పేజీలూ క్షేమం. అడుగున చిన్న అక్షరాల్లో "కొనసాగడానికి ఏదైనా ఒక కీ నొక్కండి" అని ఉంది.

"ఏదైనా అంటే ఏదిరా?" అన్నాడు భీమశంకరం.

"ఏదైనా అని దాని మీదే రాసి ఉంటుంది, చూడు," అన్నాడు పుండరీకం. ముగ్గురూ కీబోర్డు మీద వంగి ఒక్కో మీటా వెతికారు. ఆ పేరున్న మీట లేదు. చివరికి వర్ధనమ్మ గుమ్మంలోంచి తీర్పు చెప్పింది. "ఏ పనికైనా అక్షరాభ్యాసమే మొదలు, అందులో మొదటి అక్షరం అ కదుటండీ. అదే నొక్కండి."

భీమశంకరం దణ్ణం పెట్టుకుని అ నొక్కాడు. నొక్కి అలాగే ఉన్నాడు.

"వదలవేం అన్నయ్యా?"

"నొక్కమంది. వదలమని ఎక్కడైనా రాసిందా?"

తమ్ముళ్ళు తెరంతా వెతికారు. ఎక్కడా రాయలేదు. వేలు నొప్పెడితే కామేశం తన వేలు తెచ్చి అన్నయ్య వేలి కిందికి జాగ్రత్తగా దూర్చాడు. తరవాత పుండరీకం వేలు. ముగ్గురి వేళ్ళూ అయ్యాక వర్ధనమ్మ పచ్చడి నూరే చిన్న పొత్రం తెచ్చి మీట మీద పెట్టింది. అంతే, నలుగురూ నిశ్చింతగా భోజనానికి లేచారు. తిన్నాక చిన్న కునుకు కూడా తీశారు.

వచ్చి చూసేసరికి పంచాంగం తొమ్మిదివందల పద్నాలుగు పేజీలైంది. తిథుల ముందు అ. తిథుల తరవాత అ. అఅఅఅ అని తెర చివరిదాకా అదే వరస.

"ఏమిటమ్మా, సిద్ధాంతిగారు ఇంత రాయలేదు," అని ఫోన్లో మొరపెట్టుకున్నాడు భీమశంకరం.

స్వర్ణలత పేజీల లెక్క రెండుసార్లు చెప్పించుకుంది. తరవాత, "ఆ 'అ'లన్నీ తీసెయ్యండి, సరిపోతుంది," అంది.

"అన్నీనా?"

"అన్నీనండీ. ఒక్కటి కూడా ఉంచకండి."

కామేశం చురుకైనవాడు. వెతికి తొలగించే మీట ఒకటి ఉందని కనిపెట్టాడు. అ అని కొట్టి నొక్కాడు. రెప్పపాటులో 'అ'లన్నీ మాయం. మళ్ళీ ముప్పై రెండు పేజీలు! ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు కావిలించుకున్నారు. తరవాత కామేశం ప్రూఫు చదవడానికి కూర్చున్నాడు.

"అన్నయ్యా, మావాస్య ఎప్పుడొస్తుంది?"

"మావాస్య ఏమిట్రా?"

"ఇక్కడ అదే ఉంది. నురాధా నక్షత్రం కూడా ఉంది. క్షయ తృతీయ అని ఉంది. ఆ రోజు బంగారం కొంటే ఏమవుతుందో మరి." కామేశం పేజీ తిప్పి కళ్ళు పెద్దవి చేశాడు. "ఇదిగో, సిద్ధాంతిగారు అశుభం అన్న చోటల్లా శుభం అని ఉంది."

"ఇందులో నష్టమేముంది?" అన్నాడు పుండరీకం. "ఏడాదంతా మంచి రోజులే. ఊరికి మేలు."

కానీ భీమశంకరం ఒప్పుకోలేదు. రాసిచ్చింది రాసిచ్చినట్టు లేదు. నాన్నగారి ప్రెస్సులో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. మళ్ళీ ఫోను. ఈసారి స్వర్ణలత గొంతులో నెమ్మది కాస్త తగ్గింది.

"చూడండి, మీ సాఫ్ట్‌వేర్ ప్రతి రోజూ పుస్తకాన్ని ఆ రోజు ఎలా ఉంటే అలా దాస్తుంది. తేదీల పట్టీ తెరవండి. పుస్తకంలో తప్పులేమీ లేని తేదీ ఒకటి చూసి నొక్కండి. ఆ రోజు ఉన్నట్టు అయిపోతుంది. ఇంతే. ఇంకేం చెయ్యకండి."

పట్టీ తెరిచారు. తప్పులేమీ లేని తేదీ ఏది? కామేశానికి ప్రతి రోజూ గుర్తుంది. "మొన్న ఆదివారం ఏకాదశికి దీర్ఘం పోయింది. దిద్దాననుకో, కానీ ఆ పూటకి తప్పు తప్పే. శనివారం పుష్యమికి వత్తు తప్పు. శుక్రవారం పేజీ అంకె తప్పు." అలా వెనక్కి, వెనక్కి వెళ్ళారు. తప్పు లేని రోజు లేదు. చివరికి పట్టీలో అట్టడుగున మాఘమాసంలో ఒక తేదీ. పుస్తకం తెరిచి, ఇంకా ఏమీ కొట్టని రోజు.

"ఆ రోజు ఒక్క తప్పూ లేదు," అన్నాడు కామేశం, ఒట్టేసినట్టు.

అది నొక్కారు. "మిగతా తేదీలు తొలగించాలా?" అని అడిగింది యంత్రం. అన్నీ తప్పులున్నవే కదా, దాచుకుని ఏం చేస్తాం అని "అవును" నొక్కారు. ఇంకేముంది. తెర పాలలా తెల్లగా మెరిసింది. అక్షరం లేదు, చుక్క లేదు.

"ఎంత శుభ్రంగా ఉందో!" అంది వర్ధనమ్మ.

గురువారం సాయంత్రం సిద్ధాంతిగారు వచ్చి ఆ శుభ్రత చూసి కాగితాల బండిల్ మీద కూలబడ్డారు. "రెండు రోజులుందిరా పండక్కి. నా పంచాంగమేదిరా?" భీమశంకరానికి కళ్ళ ముందు చివరి పేజీ కనపడింది, అడుగున వేరేవాళ్ళ పేరుతో. జీవితంలో మొదటిసారి తాము నలుగురేనా తెలివైనవాళ్ళు, ఐదోవాడెవరైనా ఉంటే బాగుండును కదా అనిపించింది.

"మావగారి అచ్చక్షరాలు వెనకగదిలో ఉన్నాయి కదుటండీ," అంది వర్ధనమ్మ. "సిద్ధాంతిగారు చేత్తో రాసిన కాగితాలూ బీరువాలో ఉన్నాయి. ఎప్పట్లా కూర్చుకోవచ్చుగా?"

"ఈ మాట సోమవారం ఎందుకు చెప్పలేదే?"

"మీరు సోమవారం అడగలేదుగా."

అంతే. పెట్టెలు ముందుగదిలోకి వచ్చాయి. అసలు ఆ పనిలో వాళ్ళని మించినవాళ్ళు ఏడు మండలాల్లో లేరు. కాగితం మీద ఉన్నది వేళ్ళలోకి వస్తుంది, వేళ్ళలోంచి సీసంలోకి పోతుంది, మధ్యలో బుర్ర అడ్డం రాదు. భీమశంకరం, వర్ధనమ్మ కూర్చారు. కామేశం ప్రూఫులు చూశాడు. పుండరీకం యంత్రం తొక్కాడు. సిద్ధాంతిగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్కసారి మాత్రం, ఆయన కాగితం మీద పడ్డ కాఫీ మరకని ఎలా వెయ్యాలని కామేశం అడిగితే, చేతిలో విసనకర్రతో నెత్తిన ఒక్కటిచ్చారు. లేకపోతే అదీ వేసేవాడే.

శనివారం మూడింటికి ఐదువందల పుస్తకాలు కుట్టి, కత్తిరించి సిద్ధం. సిద్ధాంతిగారు ఒక పుస్తకం మొదలు నుంచి చివరిదాకా చదివారు. అక్షరం తప్పు లేదు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ఒరేయ్, మీరు మీరేరా," అన్నారు. చివరి పేజీ తిప్పి ఆ అడుగు వరసని వేలితో భీమశంకరానికి చూపించి, ఆటో పిలుచుకురావడానికి వెళ్ళారు.

ఆ కాస్త వ్యవధిలో పుండరీకం కంప్యూటర్ దుమ్ము తుడుస్తూ ఎందుకో ఆన్ చేశాడు. డబ్బా తేలింది. "గతసారి ఒక ఘోరమైన పొరపాటు జరిగింది. ఎక్కడ: తెలియదు. కారణం: తెలియదు. భద్రపరచనివన్నీ పోయే అవకాశం ఉంది. పొరపాటు గురించి తెలియజేయండి."

భీమశంకరం అది రెండుసార్లు చదివాడు. "ఎవరికి తెలియజెయ్యమంటోందిరా?"

"పుస్తకం చదివేవాళ్ళకే అయ్యుంటుంది," అన్నాడు కామేశం. "ఇంకెవరికి కావాలి?"

నిజమే. పుస్తకంలో పొరపాటు దొర్లితే తప్పొప్పుల చీటీ వేసి మొదటి పేజీలో అంటించడం ప్రెస్సుల్లో పద్ధతి. తప్పు దాచడం గుమ్మళ్ళవారి ఇంటావంటా లేదు. నాన్నగారి నాటి చీటీ నమూనాలో ఆ మాటలు కూర్చి, అరగంటలో ఐదువందల చీటీలు వేశారు. ఆటో వచ్చేలోపు వర్ధనమ్మ ఉడికించిన మైదా బంకతో అన్నీ అంటించారు, కట్టలు కట్టారు. సిద్ధాంతిగారు కట్టలు విప్పకుండానే ఆనందంగా ఎక్కించుకుపోయారు.

ఉగాది సాయంత్రం గ్రంథాలయం ఆవరణలో ఊరంతా చేరింది. ప్రతివాళ్ళ చేతిలోనూ కొత్త పంచాంగం. సిద్ధాంతిగారు జరీ కండువా సర్దుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ తెరిచి రాగం తీశారు.

"ఈ పంచాంగమునందు... ఒక ఘోరమైన పొరపాటు జరిగినది... ఎక్కడ జరిగినదో తెలియదు... కారణము తెలియదు... భద్రపరచనివన్నీ పోయే అవకాశము..."

రాగం అక్కడ తెగింది. సిద్ధాంతిగారు కళ్ళజోడు తీసి భీమశంకరాన్ని చూశారు.

"ఏ పేజీలోరా పొరపాటు?"

"తెలియదండి. తెలియదని కూడా వేశాం కదండీ," అన్నాడు భీమశంకరం వినయంగా.

సిద్ధాంతిగారు నోరు తెరిచి, వచ్చే ఏడాది ఎవరి ప్రెస్సులో వేయించేదీ నలుగురిలో చెప్పబోయారు. భీమశంకరం కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడు టిఫిన్ హోటల్ పైడయ్య లేచాడు.

"అయ్యా సిద్ధాంతిగారూ! నాది వృశ్చికం. రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు అని ఉంది. ఆ పొరపాటు ఇక్కడే పడి ఉంటుంది కదండీ?"

"నీకెందుకు పడుతుందయ్యా?" అని లేచింది టైలరు సరోజిని. "నాకు అష్టమ శని అని రాశారు. తప్పు నాదాన్లో ఉంది."

"మీ ఇద్దరివీ కాదు, నాది!" అన్నాడు కోటిలింగం.

ఇంకేముంది, చెడ్డ ఫలితాలున్న ప్రతివాడూ పొరపాటు తనదేనని పట్టుబట్టాడు. ఏడాదంతా గ్రహాలు బాగోనివాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. పుస్తకాలు గుండెలకి హత్తుకున్నారు. పైడయ్య అక్కడికక్కడే అందరికీ ఉగాది పచ్చడి రెండోసారి పంచాడు. ఇన్నేళ్ళలో పంచాంగ శ్రవణం ఇంత సంబరంగా ఎప్పుడూ జరగలేదు. సిద్ధాంతిగారు అదంతా చూసి తెరిచిన నోరు మూశారు. పైగా చెప్పింది జరగలేదని ఈ ఏడాది ఎవరైనా నిలదీస్తే చీటీ చూపించవచ్చునని ఆయనకి మెల్లగా తట్టింది.

"సరేలేరా," అన్నారు గొంతు సవరించుకుని. "వచ్చే ఏడు కూడా నా పంచాంగం మీ దగ్గరే."

భీమశంకరం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై రెండో ఏడు! తమ్ముళ్ళకి చెప్పుకుందామని తిరిగితే కామేశం చెమటలు కక్కుతున్నాడు.

"అన్నయ్యా, పుస్తకం ఇప్పుడు మళ్ళీ చదివాను. పొరపాటు లేదు. ఒక్కటి కూడా లేదు."

"మరి చీటీ?"

"చీటీయే పొరపాటు."

నలభై ఒక్క ఏళ్ళుగా పంచాంగం వేస్తున్న ప్రెస్సు, ఒప్పుల పుస్తకానికి తప్పుడు చీటీ అంటించిందా? అంతే, ముగ్గురూ ప్రెస్సుకి పరిగెత్తారు. జనం ఇంకా పచ్చడి చేతులు కడుక్కుంటుండగానే ఐదువందల కొత్త చీటీలతో, బంక గిన్నెతో తిరిగి వచ్చారు. "పాత చీటీ తప్పు. ఇందులో పొరపాటు ఏమీ లేదు. అంతా ఉన్నది ఉన్నట్టే జరుగును. ఇట్లు, శ్రీ భ్రమరాంబ ప్రెస్."

పైడయ్య అది చదివి, తన పుస్తకం చొక్కా లోపలికి దోపేశాడు. "నాకొద్దు బాబోయ్! నా దగ్గరికి రాకండి!" అని పరుగందుకున్నాడు. సరోజిని పంచాంగం కొంగులో మూటకట్టి గోడ దూకింది. ఊరంతా లేచి పరుగు. వెనకాల బ్రష్షులతో అన్నదమ్ములు. "ఆగండి! మీ మంచికే! తప్పు దిద్దనివ్వండి!" వాళ్ళ వెనకాల, "ఒరేయ్, ఆపండిరా!" అని కండువా ఎగురుతూ సిద్ధాంతిగారు.

పుస్తకం దొరికిన చోట పుస్తకానికి అంటించారు. పుస్తకం ఇవ్వనివాళ్ళకి వీపుకి అంటించారు. చీకటి పడేవేళకి నాలుగువందల తొంభై తొమ్మిది చీటీలు అయిపోయి ఒక్కటి మిగిలింది. దాన్ని భీమశంకరం, ఒగర్చుకుంటూ అరుగు మీద చతికిలబడ్డ సిద్ధాంతిగారి వెనక్కి నెమ్మదిగా వెళ్ళి, జరీ కండువా పక్కకి తప్పించి, వీపు మధ్యలో, ఎక్కడా ముడత రాకుండా అంటించాడు.